మేమిద్దరం ఎదురెదురుగా నిలబడిన ఆదివారం

మా కాలనీలో నెలకోసారి, ఆదివారం పొద్దున, అందరం కమ్యూనిటీ హాల్లో కలుస్తాం. పేరుకు అది మంచీచెడూ మాట్లాడుకోవడానికి. నిజానికి ప్రతిసారీ ఏదో ఒక పోట్లాట. ఒకసారి కార్లు పెట్టుకునే జాగా గురించి, ఒకసారి నీళ్ళ ట్యాంకర్ ముందు ఏ గల్లీకి రావాలన్న దాని గురించి. పోయిన వానాకాలంలో వీధి కుక్కలకు అన్నం పెట్టే పంచాయితీ ముదిరి, ఇద్దరు పెద్దమనుషులు ఒకరికొకరు ఎదురుపడకుండా వాకింగ్ వేళలే మార్చుకున్నారు. అది చూసి మా పక్కింటి లెక్చరర్ గారికి ఒక ఆలోచన వచ్చింది.

ఆయనది రాజమండ్రి. కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి, రిటైరయ్యాక నేరేడ్‌మెట్‌లో మా పక్క ఇల్లు కొనుక్కున్నారు. మాట మెత్తన, పట్టుదల గట్టి. "మన వీధి సంగతులు మాట్లాడితే కొట్టుకుంటున్నామండీ. అందుకని మనకు బొత్తిగా సంబంధం లేని విషయం ఒకటి పెట్టుకుని, పద్ధతిగా వాదించుకుందాం. సరదాగానూ ఉంటుంది, బుర్రకు పదునూ ఉంటుంది" అన్నారు. అందరూ సరేనన్నారు. ఆయన జేబులోంచి కాగితం తీసి విషయం చదివారు: "జనానికి నచ్చని యుద్ధం ఒకటి పరాయి దేశంలో నడుస్తోంది. అక్కడున్న మన సైన్యాన్ని వెనక్కి పిలవాలా, వద్దా?"

పాపం, ఆయన మనసులో ఉన్నది అమెరికావాళ్ళు, అఫ్గాన్ కొండలు. టీవీలో చూసిన దూరదేశాల సంగతి. కానీ మా కాలనీ పక్కనే కంటోన్మెంటు. సగం ఇళ్ళు సైన్యంలో చేసి ఇక్కడే స్థిరపడినవాళ్ళవి. ఎవరింట్లో చూసినా గోడ మీద యూనిఫాం వేసుకున్న ఫొటో ఒకటి ఉంటుంది.

"సంబంధం లేని ముచ్చట మంచిగనే దొరికింది సార్ మీకు!" అని వెనక కుర్చీల్లోంచి ఎవరో అన్నారు. హాలంతా గొల్లుమంది. లెక్చరర్ గారికి అప్పుడు తట్టింది. మొహం ఎర్రబడింది. అయినా వెనక్కి తగ్గలేదు. "మరీ మంచిది. తెలిసినవాళ్ళే మాట్లాడతారు" అని చీటీలు రాసి ప్లాస్టిక్ డబ్బాలో వేశారు.

మా ఆయన సుబేదారుగా రిటైరయ్యారు. సైన్యంలో వంతెనలు కట్టే, మందుపాతరలు వెతికి తీసే పటాలం ఆయనది. ఎనభైల చివర మన సైన్యం శ్రీలంకకు పోయినప్పుడు, ఆయనా పోయారు. అక్కడి సర్కారుకూ, తమిళ పోరాటదళాలకూ మధ్య శాంతి నిలబెట్టడానికని పోయినవాళ్ళు, కొన్నాళ్ళకే ఆ దళాలతోనే యుద్ధంలో పడ్డారు. మొదట దండలు వేసి పిలిచినవాళ్ళే తర్వాత మొహం తిప్పుకున్నారు. చివరికి అక్కడివాళ్ళకూ వద్దు, ఇక్కడివాళ్ళకూ వద్దు. ఆయన ఆ కాలం గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక్కటే మాట: "ఎప్పుడో వాపస్ రావాల్సుండె మేము." అందుకే అందరూ ముందుకు తోస్తే ఆయన చీటీ తీయడానికి పోయినప్పుడు, ఏది వచ్చినా "పిలవాలి" అనే మాట్లాడతారని నేననుకున్నాను.

ఆయనకు "పిలవకూడదు" వచ్చింది.

ఎదురుపక్షానికి ఒకరు కావాలన్నారు లెక్చరర్ గారు. ఎవరూ చెయ్యెత్తలేదు. సుబేదార్ సాబ్‌తో ఎవరు వాదిస్తారు? "అక్కని నిలబెట్టుండ్రి! ఇంట్ల ఎట్లయినా అక్కనే గెలుస్తది" అని మా ఎదురింటామె అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వద్దంటూనే లేచాను. మైకు పట్టుకోవాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"సార్, మేము చీటీలు మార్చుకుంటం. నాకు ఆమెది ఇయ్యుండ్రి" అన్నారు మా ఆయన.

"కుదరదండీ. నమ్మింది చెబితే అది ఉపన్యాసం. నమ్మనిది చెప్పి ఒప్పిస్తేనే వాదన" అన్నారు లెక్చరర్ గారు.

ఆ తర్వాతి నెల మీటింగు దాకా మా ఇంట్లో రాజ్యమేలింది గూఢచర్యం. ఆయన బాల్కనీలో కూర్చుని ఏదో గొణుక్కునేవారు, నేను పోగానే పేపరు అడ్డం పెట్టుకునేవారు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని కుక్కర్‌తో మాట్లాడేదాన్ని. ఆయన మంచినీళ్ళకని వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోతే, "ఇనొద్దు, పో!" అని తరిమేదాన్ని. మా అమ్మాయి బోయిన్‌పల్లిలో ఉంటుంది, బ్యాంకులో పని. సంగతి ఫోన్‌లో చెబితే కడుపుబ్బ నవ్వింది. "అమ్మా, డాడీతోని కొట్లాడనీకి మీకు స్టేజి సుత కావాల్నా? ఇంట్ల జాగా సరిపోతలేదా?" అంది.

అన్నం దగ్గర మాత్రం సంధి. ఒక రోజు చిక్కుడుకాయలు తుంచుతూ ఆయనే అడిగారు.

"నువ్వు ఏం జెప్తవ్?"

"నేనెందుకు జెప్త? నువ్వేం జెప్తవ్?"

"నాకే సమజైతలేదు. అక్కడ ఉండాలె అన్నోడు మా పటాలంల ఒక్కడు లేకుండె. ఎవని లెక్క మాట్లాడాలె?"

"లెక్చరర్ సార్ లెక్క మాట్లాడు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఇంకో కాయ తీసుకుని ఈనె లాగారు. "ఒకాయన ఉన్నడులే" అన్నారు. ఎవరని అడిగితే చెప్పలేదు. పోటీ కదా అనుకుని నేనూ గుచ్చి అడగలేదు.

ఇక్కడ మా తమిళం సంగతి చెప్పాలి. మేం సిద్దిపేట వైపువాళ్ళం. మా ఇద్దరికీ తమిళం వచ్చు. ఆయన అక్కడ నేర్చుకున్నారు, నేను ఇక్కడ నేర్చుకున్నాను. ఆయనది జాఫ్నా తమిళం, నాది మదురై తమిళం. మాట్లాడడాన్ని ఆయన 'కదై' అంటారు, నేను 'పేసు' అంటాను. అమ్మాయి చిన్నప్పుడు తనకు తెలియకూడని విషయాలు మేం తమిళంలోనే మాట్లాడుకునేవాళ్ళం. అక్కడ ఒక స్కూలు మాస్టారు తనకు నేర్పాడని ఆయన ఎప్పుడో ఒకసారి అన్నారు. నాకు నేర్పింది మా క్వార్టర్స్‌లో పక్కింటి మదురై ఆమె అని నేనూ చెప్పాను. అంతకుమించి ఎవరమూ చెప్పుకోలేదు.

ఆ ఆదివారం హాలు నిండిపోయింది. గోడల వెంట కూడా జనం. మా అమ్మాయీ బోయిన్‌పల్లి నుంచి వచ్చింది. నడక వేళలు మార్చుకున్న పెద్దమనుషులిద్దరూ రెండు మూలల్లో నిలబడ్డారు. వెనక బగారా అన్నం, దాల్చా వాసన వస్తోంది. నేను కొత్త వెంకటగిరి చీర కట్టుకున్నాను. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు మెరిసేలా తుడుచుకుని వచ్చారు. యుద్ధానికి పోయేరోజు కూడా ఆయన అంత కంగారుపడినట్టు నాకు గుర్తు లేదు.

ముందు నన్ను పిలిచారు. మైకు పట్టుకోగానే రాసుకున్నదంతా మరిచిపోయాను. ఇక తోచిందే చెప్పాను.

"మా ఆయన లంకకు పోయినప్పుడు నేను తిరుమలగిరి దగ్గర క్వార్టర్స్‌ల ఉన్న. బిడ్డ చంకల ఉండె. రేషన్ దుకాణం కాడ లైన్ల నిలబడితే, వెనక మనిషి అంటుండె, 'పరాయి దేశంల మనోళ్ళకేం పని? ఎవలు పొమ్మన్నరు?' అని. నేనేం జెప్పాలె? నాకు సుత తెల్వదు. మా ఆయనను ఎవలు పొమ్మన్నరో, ఎందుకు పొమ్మన్నరో నాకెవ్వరూ చెప్పలె. ఆయన చిట్టీలల్ల 'నేను మంచిగున్న, నువ్వు మంచిగుండు' అంతే. ఆడ ఏమైతున్నదో తెలుసుకోవాలంటే రేడియో ఒక్కటే దిక్కు."

తర్వాత మదురై ఆమె సంగతి చెప్పాను. ఆమె భర్తా మా ఆయన పటాలమే. రోజూ తమిళ వార్తలు పెట్టుకుని, నాకు హిందీలో చెప్పేది. రేడియోలో మనిషి చాలాసేపు చదివేవాడు, ఈమె రెండు ముక్కల్లో తేల్చేది. "ఇంతసేపు సదివిండు గదా, ఇంతేనా?" అని అడిగితే, "మిగతాదంతా వానల సంగతి" అనేది. ఎండాకాలంలోనూ వానల సంగతే. నాకు అనుమానం వచ్చింది. ఇక తమిళం నేర్చుకోవడం షురూ చేశాను. ఆమె పిల్లలతో మాట్లాడే మాటలు, పాలవాడితో పోట్లాడే మాటలు అన్నీ పట్టుకున్నాను. ఆమెకే నా ఉచ్చారణ దిద్దే పని పెట్టాను. సరదాకి నేర్చుకుంటున్నాననుకుంది.

"ఒకరోజు వార్త మొత్తం నాకు సమజైంది. రోడ్డు మీద మందుపాతర పేలింది, మనోళ్ళు సచ్చిపోయిన్రు అని చెప్పిండు. ఆమె రేడియో బంద్ చేసి, నా దిక్కు తిరిగి, 'వాన బాగ పడుతున్నదట' అన్నది. నేనేం జెప్పాలె? 'అవునక్కా, ఈ ఏడు వానలు ఎక్కువనే ఉన్నయి' అన్న. చీరె కొంగు నోట్ల పెట్టుకుని ఇంటికి పోయిన. సచ్చినోళ్ళ పేర్లు వచ్చేదాక మేమిద్దరం వాన ముచ్చటనే మాట్లాడుకున్నం. ఆ పేర్లల్ల మావోళ్ళు లేరు. ఇంకెవలోవాళ్ళు ఉన్నరు. అందుకే అంటున్న, ఎవలికి పనికిరాని యుద్ధం అయినప్పుడు మనోళ్ళను జల్ది పిలవాలె. ఇజ్జత్ పోతదని ఆపొద్దు. పెద్దోళ్ళ ఇజ్జత్ ఢిల్లీల ఉంటది, మా పుస్తె ఆడ ఉంటది."

చప్పట్లు చాలాసేపు మోగాయి. నేను కూర్చున్నాను. లోపల చెప్పలేనంత సంతోషం. మా ఆయన వైపు చూస్తే, ఆయన నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూస్తున్నారు. వానల సంగతి ఆయనకు తెలియదు.

ఆయన లేచి మైకు ముందు అటెన్షన్‌లో నిలబడ్డారు.

"నేను అబద్ధం చెప్పను. నాకు సుత ఇంటికి రావాలనే ఉండె. అందరికి ఉండె. చీటిల ఉండాలె అని వచ్చింది గాబట్టి, ఆ మాట ఎవలన్నరా అని నెలరోజులు యాది చేసుకున్న. ఒక్కాయన అన్నడు. ఆడ ఒక ఊళ్ళె బడి ఉండె. బడి బావి పక్కపొంటి మందుపాతరలు పెట్టిన్రు. పిల్లలు నీళ్ళకు పోలేరు. మేము అవి తీసి, బావి బాగుచేసి, మోటర్ పెట్టినం. ఆ బడి మాస్టరే మాకు ఊరోళ్ళ మాటలు ఇంగ్లీషుల చెప్పేటోడు. నాకు తమిళం నేర్పిండు. అరటిపండును 'వాళైప్పళం' అనమనేటోడు. నా నోరు తిరగకపోతే పిల్లలందరు నవ్వేటోళ్ళు. ఆ బడిల అందరికన్న మొద్దు స్టూడెంటును నేనే."

జనం నవ్వారు. ఆయనా కొంచెం నవ్వారు.

"ఎల్లిపోవాలె అని ఆర్డర్ వచ్చింది. మేము ఎగిరి గంతేసినం. సామాన్లు కట్టుకుంటున్నం. మాస్టర్ వచ్చిండు. మాతోని మాట్లాడిండని, మాకు దారులు చూపిచ్చిండని ఊళ్ళె అందరికి తెల్సు. మేము పోయినంక ఆ దళాలోళ్ళు ఆయనను వదిలిపెడ్తరా? మాకు ఓడ ఉన్నది. ఆయనకు ఏమున్నది? పిలవాలె, పిలవాలె అంటరు. పిలిచేటోళ్ళు మనోళ్ళ పేర్లే పిలుస్తరు. మనల నమ్ముకున్నోళ్ళ పేర్లు ఎవలు పిలుస్తరు? ఆళ్ళకు ఒక దారి చూపిచ్చేదాక ఉండాలె అంటున్న."

ఆ మాస్టారి గురించి ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఇంత తెలియదు. అయినా పోటీ పోటీయే. నేను కూర్చున్న చోటు నుంచే, "మాస్టర్ నిన్ను ఉండుమన్నడా? ఆ మాట అన్నడా?" అని గట్టిగా అడిగాను.

ఆయన నా వైపు తిరిగి, ఆ మాటను మాస్టారు అన్నట్టే అన్నారు. "నీంగళ్ పోనాల్ ఎంగళుక్కు యార్?"

నేను ఆలోచించలేదు. నోట్లోంచి అదే భాషలో వచ్చేసింది. "అప్పో ఎనక్కు యార్?"

ఆయన "అది వేరు" అన్నారు తమిళంలోనే. "ఎట్లా వేరు?" అన్నాను నేను. ఆయన 'కదై' అంటే నేను 'పేసు' అంటూ, చెయ్యి ఊపుతూ, కాలనీ అంతా చూస్తుండగా మేమిద్దరం తమిళంలో పోట్లాడుకున్నాం. లెక్చరర్ గారు బల్ల మీద పెన్ను కొడుతూ, "తెలుగులో అండీ! దయచేసి తెలుగులో! మార్కులు ఎలా వెయ్యమంటారు?" అని మొత్తుకుంటున్నారు. మా అమ్మాయి ముందు వరసలో కూర్చుని, "చిన్నప్పటి నుంచి ఇదే లొల్లి సార్, నాకు సుత ఏం సమజ్ కాదు" అంటోంది. జనం పడిపడి నవ్వుతున్నారు. మాకూ నవ్వొచ్చి ఆగిపోయాం.

"ఏమన్నారో చెప్పండమ్మా" అన్నారు లెక్చరర్ గారు.

"మీరు పోతే మాకు ఎవరున్నరు అని మాస్టర్ అడిగిండట సార్. మరి నాకు ఎవరున్నరు అని నేనడిగిన" అన్నాను.

లెక్చరర్ గారు పెన్ను కింద పెట్టేశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను మార్కులు వెయ్యలేను, చేతులెత్తి మీరే తేల్చండి" అన్నారు.

చేతులెత్తించినప్పుడు నేను అనుకున్నదానికి పూర్తిగా తిరగబడింది. సైన్యంలో చేసిన మగవాళ్ళందరూ నా వైపు చేతులెత్తారు. ఒక్కరు కూడా మా ఆయన వైపు లేరు. ఆడవాళ్ళు మాత్రం, నన్ను స్టేజి ఎక్కించిన ఎదురింటామెతో సహా, ఆయన వైపు ఎత్తారు. "అక్కా, ఏమనుకోకు. ఆ మాస్టర్ ఇంట్ల ఆడోళ్ళు పిల్లలు యాదికొచ్చిన్రు" అంది ఆమె. "మాకు మా ఇంటి మంచమే యాదికొచ్చింది!" అన్నాడు మా వీధి చివర హవల్దారు. కొంచెం తేడాతో నేనే గెలిచాను. బహుమతిగా స్టీలు ఫ్లాస్కు ఇచ్చారు.

భోజనాల దగ్గర ఎవరూ వరసలో నిలబడలేదు. పాత సైనికులంతా మా ఆయన చుట్టూ చేరారు. ఒకాయన ఈశాన్యంలో తన సంగతి చెప్పాడు, ఒకాయన మంచుకొండల సంగతి చెప్పాడు. వాళ్ళ భార్యలు ప్లేట్లు పట్టుకుని, "గిది మాకెప్పుడు చెప్పలేదేంది?" అని నిలదీస్తున్నారు. లెక్చరర్ గారు దాల్చా పోసుకోవడం మరిచి ఉత్త బగారా అన్నం తింటూ వింటున్నారు. చివరికి మా ఆయన్ని పట్టుకుని అడిగారు: "మీరు నమ్మని పక్షమే కదండీ మాట్లాడింది? అంత బాగా ఎలా చెప్పారు?"

"ఏమో సార్. చెప్తుంటే సగం నమ్మినట్టే అయింది" అన్నారు ఆయన.

"నాది సగం పోయింది సార్" అన్నాను నేను. నిజంగానే అన్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే, పిలవాలనే అంటాను. కానీ ముందులాగా ఒక్క ముక్కలో అనలేను. ఆ మాస్టారి లాంటి వాళ్ళను ఏం చేద్దామని కూడా అడుగుతాను.

ఇంటికొచ్చి చాప పరుచుకుని ఫ్యాను కింద కూర్చున్నాం. "మాస్టర్ ఏమైండు?" అని అడిగాను.

"తెల్వదు. ఒక పడవ మాట్లాడుకుని ఈ దిక్కు వస్తనన్నడు. వచ్చిండో లేదో. వచ్చుంటడనే అనుకుంట."

"నాకెందుకు చెప్పలె?"

"వచ్చిన దినం నువ్వు నవ్వుకుంట స్టేషన్ల నిలబడ్డవు. ఆ నవ్వు చూసినంక చెప్పబుద్ధి కాలె. అటెన్క ఎట్ల చెప్పాల్నో తెల్వలె." "నువ్వు వాన ముచ్చట చెప్పినవా నాకు?" అన్నారు.

నేనూ చెప్పలేదు. ఇద్దరం సమానమే అయ్యాం.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. బడి ఎట్లా ఉండేదో, తాటిచెట్లు ఎంత దట్టంగా ఉండేవో, పిల్లలు తన టోపీ పెట్టుకుని ఎట్లా కవాతు చేసేవాళ్ళో చెప్తూ పోయారు. మాస్టారి భార్య మునగాకు వేయించి పంపేదట. చిన్న ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు, పైన పచ్చికొబ్బరి తురుము. పటాలంలో అందరూ దానికోసం కొట్టుకునేవాళ్ళట. వింటుంటే నాకే నోరూరింది. లేచి కొడవలికర్ర తీసుకుని పెరట్లోకి పోయాను. మునగకొమ్మ వంచి ఆకు కోసుకొచ్చాను. ఆయన నేల మీద కూర్చుని రెమ్మలు దూశారు. పొయ్యి దగ్గర నిలబడి, "గింత నూనె కాదు, జెర తక్కువ. ఉప్పు ఇంకింత ఎయ్యి" అని నాకే వంట నేర్పారు.

ఆయన మాట విని చేసినందుకు ఉప్పు ఎక్కువైంది. అయినా రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు.